పదకొండో వచనానికి ముందు

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటాక, ఒంగోలులోని మా సంఘంలో అందరం వరసగా వెళ్లి పళ్లెంలోంచి తలా ఒక వాగ్దానం కార్డు తీసుకుంటాం. క్రైస్తవుల ఇళ్లలో పుట్టిన తెలుగువాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. కార్డు మీద ఒక వచనం, పక్కన పువ్వో సూర్యోదయమో ఉంటుంది. ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదేనని నమ్మకం. కొందరు బీరువా అద్దానికి అంటించుకుంటారు, కొందరు పర్సులో దాచుకుంటారు, ఫ్రేము కట్టించుకునేవాళ్లూ ఉన్నారు.

ఈసారి మా తమ్ముడికి యిర్మీయా 29:11 వచ్చింది. దేవుడు తన ప్రజల విషయంలో తలపెట్టింది మేలే, ముందు వాళ్లకి మంచి కాలం ఉంది అని చెప్పే వచనం. వాడి సంతోషం అంతా ఇంతా కాదు. మా అమ్మమ్మ మాత్రం కార్డు తీసుకోలేదు. పద్నాలుగేళ్లుగా తీసుకోవడం లేదు. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అడగం. జనవరి 1 మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో వాడు అడిగేశాడు. నేను పక్కనే ఉన్నాను. మాటలు లైట్లు వేసేదాకా సాగాయి. గుర్తున్నంతలో, ఎవరి పక్షాన్నీ తగ్గించకుండా రాస్తున్నాను.

తమ్ముడు: అమ్మమ్మా, నలభై ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకి వాక్యం చెప్పావు. దేవుడి మాట చేతికందిస్తుంటే వద్దంటావేంటి?

అమ్మమ్మ: మాట వద్దనలేదురా, ముక్క వద్దన్నాను. నీకొచ్చిన వచనం ఎక్కడిది?

తమ్ముడు: యిర్మీయా 29. పదకొండు.

అమ్మమ్మ: పదోది చెప్పు.

వాడికి పదోది రాలేదు. నాకూ రాలేదు. ఆ పదకొండో వచనాన్ని నేను శుభలేఖల మీద, ఆటోల వెనక, కాఫీ కప్పుల మీద ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. దాని చుట్టూ ఏముందో ఒక్కసారీ చూడలేదు. అమ్మమ్మ లోపలికెళ్లి బైబిలు తెచ్చుకుని, కళ్లజోడు పెట్టుకుంది.

అమ్మమ్మ: ఇది ఒక ఉత్తరం. నెబుకద్నెజరు బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్లకి, యెరూషలేములో ఉన్న యిర్మీయా రాసి పంపించిన ఉత్తరం. వాళ్లు అక్కడ రేపోమాపో ఇంటికి పోతామన్న ఆశతో ఉన్నారు. వాళ్లకి ఆయన ఏం రాశాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకి పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్నం క్షేమం కోసమే ప్రార్థన చేయండి అన్నాడు. ఆ తర్వాతే పదో వచనం. డెబ్బై ఏళ్లు నిండాక మిమ్మల్ని తిరిగి తీసుకొస్తానని. డెబ్బై ఏళ్లురా! ఆ ఉత్తరం చదివించుకుని విన్న పెద్దవాళ్లలో ఎంతమంది మళ్లీ యెరూషలేము చూసుంటారు?

తమ్ముడు: చూసుండరు.

అమ్మమ్మ: వాళ్లతో అన్న మాట అది. అక్కడే పోయి అక్కడే మట్టిలో కలిసే ముసలివాళ్లకి కూడా మేలే తలపెట్టానన్నాడు. అది తెలిసి చదివితే నాకు ఒళ్లు జలదరిస్తుంది. సూర్యోదయం బొమ్మ పక్కన చదివితే ఈ ఏడు ఉద్యోగం ఖాయం అన్నట్టు వినిపిస్తుంది.

తమ్ముడు: అట్లాగైతే ఏ వచనమూ మనది కాదు. యిర్మీయా రాసింది చెరలో ఉన్నవాళ్లకి, పౌలు రాసింది కొరింథు వాళ్లకి. ప్రతిదీ ఎవరికో, ఎప్పుడో రాసిందే. మరి నాకు దేవుడు ఏం మాట్లాడినట్టు?

అమ్మమ్మ: ఉత్తరం మొత్తం నీదే అంటున్నాను. డెబ్బై ఏళ్లన్నదీ నీదే, తోట వేసుకోమన్నదీ నీదే. ముందు అధ్యాయం కూడా తీసుకో. అందులో హనన్యా అని ఇంకో ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లు చాలన్నాడు. రెండేళ్లలో మందిరపు ఉపకరణాలూ, చెరపోయిన జనమూ అందరూ తిరిగొస్తారని మందిరంలోనే అందరి ముందూ చెప్పాడు. బబులోనుకు లొంగి ఉండాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచేశాడు. జనానికి ఎవరి మాట నచ్చి ఉంటుంది?

తమ్ముడు: రెండేళ్లదే.

అమ్మమ్మ: యిర్మీయా కూడా ముందు ఆమేన్ అనే అన్నాడు. దేవుడు అట్లాగే చేస్తే మంచిదే అన్నాడు. కాడి విరిచాక వాదులాడకుండా తన దారిన వెళ్లిపోయాడు. జవాబు ఆయనకి తర్వాత వచ్చింది. ప్రవక్తకే అప్పటికప్పుడు తెలియలేదు చూడు. మన కార్డుల్లో హనన్యా మాటలేవో యిర్మీయా మాటలేవో చూసుకోవద్దా? అచ్చు బైబిలుదే, వచనమూ బైబిలుదే. అయినా డెబ్బై తీసేసి చదివామంటే మనం చెప్పేది హనన్యా మాటే.

(ఇక్కడ తమ్ముడు కాసేపు ఫోనులో ఆ రెండు అధ్యాయాలూ చదువుకున్నాడు. వాడిలో నాకు నచ్చేది ఇదే. ఎదుటివాళ్లు చెప్పింది చూడకుండా కొట్టిపారేయడు.)

తమ్ముడు: సరే, వచనం సంగతి ఒప్పుకుంటా. కానీ నువ్వు కార్డు మానేసింది ఇందుకు కాదు. నీలో సందేహం ఉంది. యాకోబు పత్రిక 1:6 లో, సందేహించేవాడు గాలికి రేగి కొట్టుకునే సముద్రపు అల లాంటివాడని ఉంది. ప్రభువు దగ్గర తనకేమైనా దొరుకుతుందని వాడు అనుకోకూడదని ఏడో వచనం. ఈసారి పక్క వచనం కూడా చెప్పాను.

అమ్మమ్మ: ఐదోది కూడా చెప్పు మరి. జ్ఞానం తక్కువైనవాడు దేవుణ్ణి అడగాలి, ఆయన ఎవరినీ గద్దించకుండా ధారాళంగా ఇస్తాడు అని ఉంది కదా. అడిగినందుకు కసురుకోని వాడి దగ్గరికి వెళ్లమంటున్నాడు. ఎనిమిదిలో ద్విమనస్కుడన్నాడు. అంటే ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసినవాడు. నాకిది అర్థం కావడం లేదు ప్రభువా అనేవాడూ, నాకు నువ్వూ కావాలి నువ్వు వద్దన్నదీ కావాలి అనేవాడూ ఒకటి కాదు.

తమ్ముడు: ఆ తేడా నీకు తెలుస్తుందేమో అమ్మమ్మా, నాకు తెలియదు. రెండేళ్ల కిందట నేనెట్లా ఉన్నానో నీకు తెలుసు. క్రికెట్ బెట్టింగులో నాన్న దాచిన డబ్బు తగలేశాను. అమ్మ గాజులు తాకట్టుకి వెళ్లాయి. యౌవనస్థుల కూడికలో ఒక రాత్రి మోకాళ్ల మీద పడి ఏడ్చాక బయటపడ్డాను. ఇప్పటికీ రాత్రి ఒంటిగంటకి ఆ యాప్ మళ్లీ ఎక్కించుకుందామా అని మనసు అడుగుతుంది. దేవుడు నిజంగా ఉన్నాడా, అంతా నీ ఊహేమో అని కూడా అదే గొంతుతో అడుగుతుంది. ఒకే గొంతు. అందుకే రెండింటికీ తలుపు మూసేస్తాను. నువ్వు ఒక తలుపు తెరవమంటున్నావు. దాని వెనకే రెండోది వస్తే?

ఈ మాట నేను మరిచిపోలేను. విశ్వాసంలో గట్టిగా, బిగుసుకుపోయి మాట్లాడే కుర్రవాళ్లని చూసి మనం మొండివాళ్లనుకుంటాం. ఆ బిగింపు వెనక ఎంత భయం కాపలా కాస్తోందో ఆ మధ్యాహ్నం దాకా నాకు తెలియదు. అమ్మమ్మ కూడా వెంటనే జవాబు చెప్పలేదు.

అమ్మమ్మ: ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఎవరికి చెబుతున్నావు?

తమ్ముడు: ఎవరికి చెబుతాను? దుప్పటి కప్పుకుని పడుకుంటాను.

అమ్మమ్మ: అయితే అది నీకూ చీకటికీ మధ్యనే తిరుగుతుంది. యోహానుని చూడు. బాప్తిస్మమిచ్చే యోహాను. యేసుని నది దగ్గర అందరికీ చూపించినవాడు. తర్వాత హేరోదు చెరసాల్లో వేశాడు. అక్కడ కూర్చుని అనుమానం వచ్చింది ఆయనకి. రావలసినవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం ఎదురుచూడాలా అని. ఆ ప్రశ్నని లోపల పెట్టుకోలేదు, శిష్యులతో యేసు దగ్గరికే పంపించాడు. యేసు కోప్పడ్డాడా?

తమ్ముడు: లేదు. గుడ్డివాళ్లు చూస్తున్నారు, కుంటివాళ్లు నడుస్తున్నారు, మీరు చూసినవీ విన్నవీ వెళ్లి చెప్పండి అన్నాడు.

అమ్మమ్మ: వాళ్లు వెళ్లిపోయాక జనం వైపు తిరిగి ఏమన్నాడు? స్త్రీలు కన్నవాళ్లలో యోహానుకంటే గొప్పవాడు పుట్టలేదన్నాడు. ఎప్పుడన్నాడు చూడు! నది దగ్గర ధైర్యంగా సాక్ష్యమిచ్చిన రోజున కాదు, అనుమానపడి కబురు పంపిన రోజున. బెట్టింగు ప్రశ్న నిన్ను ఫోను దగ్గరికి తీసుకుపోతుంది. యోహాను ప్రశ్న యేసు దగ్గరికి తీసుకుపోయింది. గొంతు ఒక్కటే అయినా కాళ్లు ఎటు నడుస్తున్నాయో చూసుకో.

తమ్ముడు: కానీ యోహానుని విడిపించలేదుగా. తల తీసేశారు.

అమ్మమ్మ: తీసేశారు.

ఇద్దరూ ఊరుకున్నారు. ఆ మౌనంలో మాకు ముగ్గురికీ గుర్తొచ్చింది మా మామయ్యే. అమ్మమ్మకి ఒక్కడే కొడుకు. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉండేవాడు. అమ్మమ్మ చివరిసారి తీసుకున్న కార్డు 118వ కీర్తనలో పదిహేడో వచనం. చావు రాదు, బతికి దేవుడి పనులు చెబుతాను అనే అర్థం దానిది. ఆ ఏడాది ఆగస్టులో మామయ్య పోయాడు. అప్పటికి వయసు ముప్పై ఒక్క ఏళ్లు.

అమ్మమ్మ: ఆ కార్డు మీ మామయ్య దిండు కింద పెట్టాను. పోయాక తీశాను. దినం కాకముందే ఒకరు వచ్చి, మీ విశ్వాసంలో ఎక్కడో లోటుంది, లేకపోతే దేవుడు మాట తప్పడు అన్నారు. పేరు చెప్పను. ప్రేమతోనే అన్నారేమో. బిడ్డ పోయిన బాధకి తోడు, నా వల్లే పోయాడన్న బాధ కూడా నెత్తిన పడింది. నాలుగు నెలలు బైబిలు ముట్టలేదు. తర్వాత ఒక్కటే చదివాను, 88వ కీర్తన. మిగతా మొరల్లో చాలావాటికి చివర ఎక్కడో ఒక వెలుగు కనపడుతుంది. పదమూడో కీర్తన ఎంతకాలం, ఎంతకాలం అని మొదలైనా పాటతో ముగుస్తుంది. ఈ హేమాను అనే ఆయన రాసింది చీకట్లోనే ఆగిపోతుంది. స్తోత్రం లేదు, జవాబు లేదు. అయినా మొదటి మాట దేవుణ్ణి పిలిచే పిలుపే. దాన్ని బైబిల్లో ఉంచినవాళ్లకి నేను రుణపడి ఉన్నాను. నాలాంటిదానికి ఒక చోటు ఉంచారు.

తమ్ముడు: నేను... పోయిన నెల మా గుంపుతో ఒక ఇంటికి ప్రార్థనకి వెళ్లాను. క్యాన్సరుతో ఉన్నామె. వాళ్లాయన ఏడుస్తుంటే, సందేహపడితే స్వస్థత రాదన్నాను.

అమ్మమ్మ: ఆమె ఉందా?

తమ్ముడు: ఉంది.

అమ్మమ్మ: ఎల్లుండి వెళ్లు. ప్రార్థన చెయ్యి, స్వస్థత కోసమే చెయ్యి. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకో. వాళ్లాయనతోనే చెప్పు.

తమ్ముడు: స్వస్థత కోసం చెయ్యమంటున్నావా? నువ్వు ఇంకా నమ్ముతావా అది?

అమ్మమ్మ: రోజూ అడుగుతాను. నీ ఉద్యోగం కోసం కూడా అడుగుతున్నాను. గెత్సేమనేలో యేసే మూడుసార్లు అడిగాడు, ఆ గిన్నె తన దగ్గరనుంచి తొలగించమని. నేను అడగడం ఎందుకు మానాలి? హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం మీ కూడికల్లో ఎక్కువ చెబుతారు కదా. ముప్పై నాలుగో వచనంలో విశ్వాసంతో కత్తి తప్పించుకున్నవాళ్లున్నారు. ముప్పై ఏడులో కత్తితో చచ్చినవాళ్లున్నారు. రెండు జాబితాలకీ ఒకే విశ్వాసం. అపొస్తలుల కార్యములు పన్నెండులోనూ అంతే. హేరోదు యాకోబుని కత్తితో చంపించాడు, పేతురుని దేవదూత విడిపించాడు. యాకోబు కోసం సంఘం తక్కువ ప్రార్థించిందని ఎక్కడైనా రాసుందా?

తమ్ముడు: లేదు. కానీ నువ్వు ఒకటి ఒప్పుకోవాలి. 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఇదే తారీఖున, మిషనరీ జ్యూయెట్ దొరగారూ ఆయన భార్యా మన తెలుగువాళ్లు ముగ్గురూ ఇక్కడి కొండెక్కి ఒంగోలు కోసం ప్రార్థించారని నువ్వే చెప్పావు. అప్పుడు సందేహపడి దిగిపోయి ఉంటే మనకీ సంఘం ఉండేది కాదు.

అమ్మమ్మ: చెప్పాను. చెప్పనిది కూడా చెబుతా విను. 1840లో నెల్లూరులో మొదలైన పని అది. పదమూడేళ్లకి చూపించడానికి పెద్దగా ఏమీ లేదు. 1853లో ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ పెట్టారు. మూసేస్తారేమోనన్న మాట ఇంకా చల్లారకముందు ఎక్కారు ఆ కొండ. అక్కడ అడిగిన దానికి జవాబుగా ఇంకో మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు. తర్వాత 1876 నుంచి 78 దాకా కరువు. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. బాప్తిస్మం అడిగినవాళ్లని మాత్రం కరువు తీరేదాకా ఆపారు. తిండి కోసం వస్తున్నారేమోనన్న సందేహంతో. ఆగిన తర్వాతే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజు 2,222 మందికి బాప్తిస్మం. ఆ సందేహం పాపమంటావా?

తమ్ముడు: అది మనుషుల మీద సందేహం అమ్మమ్మా. దేవుడి మీద కాదు.

అమ్మమ్మ: అవును. ఆ మాట నువ్వు సరిగ్గా పట్టుకున్నావు. కానీ ఆగడం అయితే రెండింటికీ ఒకటే కదరా. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకుండా ఆగడం.

తమ్ముడు: ఇంకొకటి. మన సంఘంలో పొగాకు గ్రేడింగుకి వెళ్లే అక్క ఒకామె ఉంది. చదువు రాదు. ఏడాదికి ఒక కార్డు తీసుకుని, కూతురితో చదివించుకుని, కంఠతా పడుతుంది. పద్దెనిమిదేళ్లకి పద్దెనిమిది వచనాలు. మొగుడు వదిలేసినా, ఇల్లు కారినా వాటితోనే నిలబడింది. నీలాగా అధ్యాయాలు తిరగేయలేదు. నీ లెక్కలో ఆమెవి ముక్కలేనా?

అమ్మమ్మ బైబిలు మూసి ఒళ్లో పెట్టుకుంది.

అమ్మమ్మ: కాదు. అట్లా అంటే నాది పొగరు. మా అమ్మకీ చదువు రాదు. బైబిలు స్త్రీ ఇంటింటికీ వచ్చి చెబితే విని నేర్చుకుంది. చనిపోయేటప్పుడు ఆమె నోట్లో ఉన్నవి ఆ వచనాలే. నిజమేరా, పద్నాలుగేళ్లుగా నేను కార్డు వద్దన్నప్పుడు ఆ అక్క ముందు నిలబడి వద్దన్నానని ఎప్పుడూ తోచలేదు. అయితే ఒకటి అడుగుతాను. ఆమెకి ఆ వచనం ముందూ వెనకా చదివి వినిపించిన వాళ్లెవరు? నువ్వా? నేనా? ఆమె చేతిలో ముక్క ఉంటే ఆ ముక్క కోసి ఇచ్చింది మనమే.

తమ్ముడి దగ్గర దీనికి జవాబు లేదు. కానీ వాడు ఓడిపోయి లేవలేదు. సందేహానికి నువ్విచ్చినంత చోటు నేనివ్వలేను అమ్మమ్మా, నాకింకా భయమే అన్నాడు. ఇవ్వకు, ఒంటిగంటకి ఆ గొంతు వస్తే నాకు ఫోన్ చెయ్యి, నేను మేలుకునే ఉంటాను అంది. తర్వాత తన బైబిలు వాడి చేతికిచ్చింది. దాని అంచుల్లో పెన్సిలుతో చిన్న చిన్న ప్రశ్నార్థకాలు, పక్కన తేదీలు. కొన్నింటి కింద ఒకటి రెండు మాటల్లో జవాబు, దానికీ తేదీ. 118వ కీర్తన పదిహేడో వచనం దగ్గర ప్రశ్నార్థకం ఉంది. మూడు తేదీలున్నాయి, చివరిది కిందటి నవంబరుది. జవాబు లేదు. బైబిలు మీద ఇట్లా రాయడం తప్పు కదా అని వాడు అడిగాడు. హబక్కూకు తన ప్రశ్నలన్నీ అడిగేసి, దేవుడు ఏం చెబుతాడో చూద్దామని కావలి గోపురం ఎక్కి నిలబడ్డాడు, నేను గోపురం ఎక్కలేను కాబట్టి అంచులో రాసుకుంటున్నాను అంది అమ్మమ్మ.

నా అభిప్రాయం దాచుకోను. వాక్యాన్ని ఎలా చదవాలన్న విషయంలో అమ్మమ్మ చెప్పిందే సరి. డెబ్బై ఏళ్లని కోసేసి మేలుని మాత్రం పంచడం, చదివేవాళ్లకి చేసే అన్యాయం. మామయ్య పోయాక అమ్మమ్మ నెత్తిన పడ్డ భారం అక్కడినుంచి వచ్చిందే. కానీ చదువు రాని అక్క గురించి తమ్ముడు అడిగిన ప్రశ్నే ఆ రోజు మమ్మల్ని అందర్నీ కదిలించింది. అమ్మమ్మని కూడా.

మూడో తారీఖున తమ్ముడు ఆ క్యాన్సరు వచ్చినామె ఇంటికి వెళ్లొచ్చాడు. ఏం మాట్లాడాడో చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ ఆదివారం నుంచి అమ్మమ్మా వాడూ కలిసి గ్రేడింగు అక్క ఇంటికి వెళుతున్నారు. ఆమె కంఠతా పట్టిన పద్దెనిమిది వచనాల్లో వారానికొకటి తీసుకుని, అది ఉన్న అధ్యాయం మొదటినుంచి చివరిదాకా చదివి వినిపిస్తున్నారు.

కాపరులకూ, స్త్రీల సమాజాలకూ, సండే స్కూలు టీచర్లకూ నా విన్నపం ఇదే. వచ్చే డిసెంబరు 31 రాత్రి కార్డులు పంచండి, మానొద్దు. జనవరి నెల అయిపోయేలోగా ఆ వచనాలున్న అధ్యాయాలు మొత్తం, చదువు రానివాళ్ల ఇళ్లకి వెళ్లి మరీ, పైకి చదివి వినిపించండి.